లంచ్ బాక్స్ మూతలో మిగిలిన ఆకు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఈ నెల తెలుగు పేజీకి ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమన్నారు. నాకు డైనింగ్ హాల్ డ్యూటీ ఉన్న రోజే ఎవరి గురించి రాయాలో తేలిపోయింది. మన పిల్లలకి పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం నూడుల్సో చిత్రాన్నమో, సాయంత్రం బస్సెక్కే ముందు చిప్స్ ప్యాకెట్. ఏ అమ్మైనా ఓపిక చేసుకుని తోటకూర పప్పు పంపిస్తే, ఆకులు ఏరి బాక్స్ మూతలో పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఆ ఆకులో ఉన్న మందును ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన తెలుగువాడే.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పదమూడేళ్లప్పుడు కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోతే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి మళ్లీ చదువులో పెట్టారు. అయినా మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. యూనిట్ టెస్టులో రెండు మార్కులు తగ్గితే రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసే పేరెంట్స్ ఈ వాక్యం ఇంకోసారి చదవాలని మనవి.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కి బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ డిగ్రీ చేతికొచ్చింది, ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్న తిండి పేగులకు పట్టదు. విరేచనాలవుతాయి, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. తర్వాత సుబ్బారావు గారికీ అదే జబ్బు వచ్చిందనీ, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారనీ ఆయన జీవితకథల్లో ఉంది. లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదానికి వచ్చినవారు. మద్రాసులో ఆయన ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు గారు అనాటమీ పాఠాలు చెప్పారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంటర్‌లో నాకు కామెర్లు వస్తే మా జేజి పసరు తాగించింది, నాన్న రక్తపరీక్షకు తీసుకుపోయాడు. దేనివల్ల తగ్గిందో మా ఇంట్లో ఇప్పటికీ తగవే. కొన్ని రకాల కామెర్లు విశ్రాంతితోనే తగ్గుతాయని, పసరులో ఏ ఆకు ఎంత పడిందో తెలియదు కాబట్టి కాలేయం మీద అసలే భారం ఉన్నప్పుడు ఇవ్వొద్దని తర్వాత ఒక డాక్టరు గారు చెప్పారు. సుబ్బారావు గారు ఆకుమందును వెక్కిరించలేదు. అలాగని కళ్లు మూసుకుని నమ్మనూ లేదు. అందులో పనిచేసే పదార్థం ఏది, ఎంత ఇవ్వాలి అన్నదే ఆయన పట్టుకున్న ప్రశ్న.

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం తీసుకుని అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పగలు హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు, రాత్రుళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పని. 1925లో ఫిస్క్ గారితో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. మన పిల్లలు బయాలజీలో బట్టీ పట్టే ఏటీపీని గుర్తించిన తొలివారిలో ఈయన ఒకరు. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు.

1931లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ, బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని చూపించారు. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, లాటిన్‌లో ఆకు అనే మాటను బట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. కొద్దికాలానికే టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని స్ప్రూ రోగులకు ఇస్తే వాళ్లు కోలుకున్నారు. ఆ ఇద్దరు అన్నదమ్ముల ప్రాణం తీసిన జబ్బే అది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. అందుకే ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పదేళ్లు దాటిన పిల్లలకు వారానికొక నీలం మాత్ర ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఫీజు కట్టే పిల్లల చేతిలో ఆ మాత్ర నేనెప్పుడూ చూడలేదు. మన పిల్లలు బాగా తింటారని అందరం అనుకుంటాం మరి. ఈ పోషకం ఆకుకూరల్లోనే కాదు, చెనక్కాయల్లో, అలసందల్లో, కందిపప్పులోనూ ఉంది. నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువసేపు ఉడికితే నశిస్తుంది. కాబట్టి కూర ఉడికించిన నీళ్లు పారబోయకుండా పప్పులోనే కలపండి. మాత్రలు మాత్రం డాక్టరు గారిని అడక్కుండా వాడొద్దు. బి12 లోపం ఉన్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది గానీ, నరాలు లోలోపల దెబ్బతింటూ ఉంటాయి.

అదే ఫోలిక్ యాసిడ్ నిర్మాణాన్ని కొంచెం మార్చి ఆయన బృందం అమినోప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ ఉన్న పసిపిల్లలకు ఇస్తే కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ ఆస్పత్రుల్లో వాడుతున్నారు. బోదకాలుకు మన కోస్తాలో పంచే డీఈసీ మందు కూడా లెడర్లీలో ఆయన నాయకత్వంలోనే వచ్చింది.

ఫార్బర్ నివేదిక 1948 జూన్‌లో అచ్చయింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్‌లో నిద్రలో గుండెపోటుతో పోయారు. వయసు 53. భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి వెళ్లిన ఆయన మళ్లీ ఇండియాకి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు, ఆ బిడ్డ ముఖం ఆయన చూడలేదు. 1995లో, ఆయన పుట్టిన నూరేళ్లకు, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.