ఫ్రెడరిక్ డగ్లస్

మనిషి మనిషిని కొనడం, అమ్మడం, తాకట్టు పెట్టడం చట్టసమ్మతమైన వ్యవహారంగా చెల్లిన కాలం ఒకటి ఉండేది. పంతొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతంలోని పత్తి చేలూ, పొగాకు తోటలూ బానిసల చెమటతో తడిసి పండాయి. 1860 నాటికి ఆ దేశంలో సుమారు 40 లక్షల మంది బానిసలుగా బతుకుతున్నారు. అదే కాలంలో, అదే దేశంలో స్త్రీలకు ఓటు లేదు. చాలా రాష్ట్రాలలో పెళ్ళయిన స్త్రీకి తన సంపాదనపై సైతం అధికారం ఉండేది కాదు. బానిసను యజమాని సొత్తుగానూ, భార్యను భర్త చాటు మనిషిగానూ చట్టం పరిగణించింది. ఈ రెండు అన్యాయాల తీవ్రత సమానం కాదు. అయినా ఒకరి బతుకును మరొకరు నిర్ణయించవచ్చుననే భావనే రెండింటికీ మూలం. ఆ సత్యాన్ని గ్రహించి, రెండింటిపైనా జీవితాంతం పోరాడిన మహావక్త ఫ్రెడరిక్ డగ్లస్.

ఫ్రెడరిక్ 1818 ఫిబ్రవరిలో మేరీలాండ్ రాష్ట్రంలోని టాల్బట్ కౌంటీలో జన్మించాడు. తల్లి హారియట్ బెయిలీ బానిస. తండ్రి తెల్లజాతీయుడని అందరూ అనుకునేవారు. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అన్నది నాటి చట్టం. అందువల్ల బానిస స్త్రీ మాతృత్వం కూడా యజమాని ఆస్తిని పెంచే సాధనంగా మారింది. తాను ఏ రోజున పుట్టాడో ఫ్రెడరిక్‌కు జీవితాంతం తెలియలేదు. పసితనంలోనే ఆయనను తల్లి నుంచి వేరుచేసి, ఆమెను దూరాన ఉన్న పొలానికి పనికి పంపారు. అమ్మమ్మ బెట్సీ బెయిలీ అతనిని పెంచింది. తల్లి పగలంతా పొలంలో పనిచేసి, రాత్రివేళ పన్నెండు మైళ్ళు నడిచి వచ్చి, బిడ్డ పక్కన కాసేపు పడుకొని, తెల్లవారకముందే తిరిగి వెళ్ళేది. అలా ఆమె వచ్చింది నాలుగైదు సార్లు మాత్రమే. ఆయనకు ఏడేళ్ళు వచ్చేనాటికే ఆమె కన్నుమూసింది.

బానిసత్వపు కర్కశత్వాన్ని ఫ్రెడరిక్ మొదట చూసింది ఒక స్త్రీ దేహంమీదనే. పిన్ని వరస అయిన హెస్టర్ తనకు నచ్చిన యువకుణ్ణి కలుసుకోవడానికి వెళ్ళిందన్న కోపంతో యజమాని ఆమె చేతులు కట్టి నెత్తురు కారేలా కొరడాతో కొట్టాడు. భయంతో చీకటి గదిలో దాక్కొని ఆ దృశ్యాన్ని చూసిన బాలుడు దానిని ఎన్నడూ మరచిపోలేదు.

1826లో ఆయనను బాల్టిమోర్ నగరంలోని హ్యూ ఆల్డ్ అనే గృహస్థు ఇంటికి పంపారు. ఆ ఇల్లాలు సోఫియా జాలిగుండె కలది. ఆమె బాలునికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. ఈ సంగతి తెలిసిన భర్త ఆమెను మందలించాడు. చదువు వస్తే బానిస ఇక బానిసగా ఉండడని, యజమానికి పనికిరాకుండా పోతాడని హెచ్చరించాడు. ఆ మాటలు విన్న ఫ్రెడరిక్ మనస్సులో ఒక వెలుగు మెరిసింది. యజమాని దేనికి భయపడుతున్నాడో అదే తన విముక్తికి మార్గమని ఆయన గ్రహించాడు. నాటి నుంచి చదువు కోసం ఆయన పడని పాట్లు లేవు. వీధిలోని పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలు ఇచ్చి, బదులుగా వారి వద్ద పాఠాలు నేర్చుకున్నాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు కొయ్యలపై రాసే గుర్తులు చూసి అక్షరాలు దిద్దాడు. పన్నెండేళ్ళ ప్రాయంలో, కూడబెట్టుకొన్న 50 సెంట్లతో 'కొలంబియన్ ఒరేటర్' అనే ప్రసంగ సంకలనం కొన్నాడు. అందులో యజమానికీ, బానిసకూ మధ్య జరిగే సంవాదం ఒకటి ఉంది. యజమాని వాదాలన్నింటినీ బానిస యుక్తియుక్తంగా ఖండించి స్వేచ్ఛ పొందుతాడు. అన్యాయాన్ని తర్కంతో ఎదిరించవచ్చునన్న విశ్వాసం ఫ్రెడరిక్‌కు అక్కడే కలిగింది.

యౌవనంలో ఆయనను మళ్ళీ పల్లెకు పంపారు. ఎదురు తిరిగే బానిసలను లొంగదీయడంలో పేరు మోసిన ఎడ్వర్డ్ కోవీ అనే రైతుకు 1834లో ఏడాదిపాటు అప్పగించారు. నెలల తరబడి కొరడా దెబ్బలు తిన్న ఫ్రెడరిక్ ఒకనాడు తిరగబడ్డాడు. ఇద్దరూ రెండు గంటలసేపు పెనుగులాడారు. ఆ తరువాత కోవీ ఆయనపై చేయెత్తలేదు. మరుసటి కాలంలో వేరొక పొలంలో పనిచేస్తూ, ఆదివారాలలో తోటి బానిసలకు చాటుగా చదువు చెప్పాడు. 1836లో పారిపోవడానికి చేసిన ప్రయత్నం బయటపడి జైలు పాలయ్యాడు. చివరకు 1838 సెప్టెంబరు 3న నావికుని వేషం ధరించి, మరొకరి గుర్తింపు పత్రంతో రైలెక్కి, ఒక్క రోజు గడవకముందే న్యూయార్క్ చేరాడు. ఈ సాహసానికి వెన్నుదన్నుగా నిలిచినది ఆనా ముర్రే అనే స్వేచ్ఛాజీవి అయిన నల్లజాతి యువతి. ఇళ్ళలో పనిచేసి దాచుకున్న డబ్బును ఆమె ఆయన ప్రయాణానికి ఇచ్చింది. కొద్ది రోజులకే వారు వివాహం చేసుకొని న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో కాపురం పెట్టారు. యజమానుల వేటగాళ్ళకు చిక్కకుండా ఉండడానికి ఆయన బెయిలీ అనే ఇంటిపేరు విడిచి డగ్లస్ అనే పేరు స్వీకరించాడు.

1841లో నాన్‌టకెట్ దీవిలో జరిగిన బానిసత్వ వ్యతిరేక సభలో డగ్లస్ తన అనుభవాలను చెప్పాడు. విన్నవారి హృదయాలు కదిలిపోయాయి. ఉద్యమ నాయకుడైన విలియం లాయిడ్ గారిసన్ ప్రోత్సాహంతో ఆయన ఊరూరా తిరిగి ఉపన్యసించసాగాడు. ఇంత చక్కగా మాట్లాడేవాడు బానిసగా పుట్టి ఉంటాడా అని కొందరు శంకించారు. ఆ శంకకు సమాధానంగా 1845లో ఆయన తన ఆత్మకథను ప్రచురించాడు. అందులో యజమానుల పేర్లు, ఊర్ల పేర్లు దాచకుండా రాయడంతో పట్టుబడే ప్రమాదం ఏర్పడింది. అందుచేత ఐర్లాండ్, బ్రిటన్ దేశాలకు వెళ్ళి దాదాపు రెండేళ్ళు అక్కడ ప్రచారం చేశాడు. న్యూకాసిల్ నగరానికి చెందిన రిచర్డ్‌సన్ కుటుంబపు స్త్రీలు చందాలు పోగుచేయించి, 1846లో 150 పౌండ్లు యజమానికి చెల్లింపజేసి ఆయనకు విముక్తి కలిగించారు.

డగ్లస్ జీవితంలో స్త్రీల సహాయం ఇలా అడుగడుగునా కనిపిస్తుంది. ఆయన దేశాలు తిరుగుతున్నప్పుడు ఆనా బూట్లు కుట్టి ఇల్లు గడిపింది. ఐదుగురు పిల్లలను పెంచింది. రాత్రివేళ పారిపోయి వచ్చే బానిసలకు అన్నం పెట్టి ఆశ్రయమిచ్చింది. బానిసత్వ వ్యతిరేక ఉద్యమానికి చందాలు పోగుచేసినవారిలోనూ, అర్జీలపై సంతకాలు సేకరించినవారిలోనూ స్త్రీలే ముందు నిలిచారు. అయినా వారు వేదిక ఎక్కి మాట్లాడితే సమాజం సహించలేదు. దక్షిణ కరోలినాలో బానిసల యజమాని ఇంట పుట్టిన సారా, ఏంజలీనా గ్రింకే సోదరీమణులు 1837లో బానిసత్వానికి వ్యతిరేకంగా బహిరంగ సభలలో మాట్లాడినందుకు మతాచార్యుల నిందలకు గురయ్యారు. 1840లో లండన్‌లో జరిగిన ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ అమెరికా నుంచి వచ్చిన మహిళా ప్రతినిధులకు స్థానమివ్వడానికి నిరాకరించింది. బానిసల స్వేచ్ఛ కోసం సమావేశమైన సభలోనే స్త్రీల నోరు మూయించారు. ఆ అవమానమే లుక్రీషియా మాట్, ఎలిజబెత్ కేడీ స్టాంటన్‌లను స్త్రీల హక్కుల సభ జరపాలన్న సంకల్పానికి పురికొల్పింది.

1847లో డగ్లస్ రోచెస్టర్ నగరం నుంచి 'నార్త్ స్టార్' పత్రికను ప్రారంభించాడు. పారిపోయే బానిసలకు దారి చూపే ధ్రువనక్షత్రం పేరది. హక్కుకు స్త్రీపురుష భేదం లేదని, సత్యానికి వర్ణభేదం లేదని ఆ పత్రిక తన ఆశయంగా ప్రకటించుకుంది. మరుసటి సంవత్సరమే ఆ ఆశయానికి పరీక్ష ఎదురైంది.

1848 జూలై 19, 20 తేదీలలో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్ పట్టణంలో స్త్రీల హక్కుల మహాసభ జరిగింది. సుమారు 300 మంది హాజరయ్యారు. విద్య, ఉద్యోగం, ఆస్తి మొదలైన విషయాలపై తీర్మానాలను సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు. కాని స్త్రీలకు ఓటు హక్కు కావాలన్న స్టాంటన్ తీర్మానం దగ్గర సభ తడబడింది. అంత పెద్ద కోరిక కోరితే లోకం నవ్వుతుందని, మిగిలిన కోరికలు కూడా చెడతాయని పలువురు జంకారు. అప్పుడు డగ్లస్ లేచి ఆ తీర్మానాన్ని గట్టిగా సమర్థించాడు. ఆ సభలో పాల్గొన్నట్లు తెలిసిన ఏకైక నల్లజాతీయుడు ఆయనే. స్వల్ప ఆధిక్యంతో తీర్మానం నెగ్గింది. సభ వెలువరించిన ప్రకటనపై 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకాలు చేశారు. ఆ పురుషులలో డగ్లస్ ఒకడు.

ఆయన వాదం సరళమైనది. పురుషుని బుద్ధిమంతునిగా, తన చేతలకు తానే బాధ్యునిగా నిలిపే గుణాలన్నీ స్త్రీలోనూ ఉన్నాయి. పాలితుల సమ్మతి వల్లనే ప్రభుత్వానికి న్యాయమైన అధికారం లభిస్తుందని అమెరికా ప్రజలు నమ్ముతారు. అలాంటప్పుడు చట్టాలకు లోబడి ఉండవలసిన స్త్రీకి ఆ చట్టాలు చేసేవారిని ఎన్నుకొనే హక్కు లేదనడానికి కారణమేదీ కనబడదు. భర్త, తండ్రి ఆమె మేలు చూస్తారు కదా అన్న సమాధానం డగ్లస్‌కు కొత్తది కాదు. బానిసల మేలు తామే చూస్తామని యజమానులు కూడా అనేవారు. ఎవరి కష్టం వారే చెప్పుకోగలరన్నది ఆయన అనుభవం నేర్పిన పాఠం. అందుకే స్త్రీల తరఫున నాయకత్వం వహించాలని ఆయన ఆశించలేదు. వారి పక్కన నిలిచాడు.

1861 నుంచి 1865 వరకు సాగిన అంతర్యుద్ధంలో డగ్లస్ నల్లజాతి యువకులను సైన్యంలో చేర్పించాడు. తన ఇద్దరు కుమారులను కూడా పంపాడు. నల్ల సైనికులకు సమాన వేతనం కావాలని అధ్యక్షుడు లింకన్‌ను కలిసి కోరాడు. 1865లో వచ్చిన పదమూడవ రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. కాని పౌరహక్కులు లేని స్వేచ్ఛ నిలవదని గ్రహించిన ఉద్యమకారులు 1866లో నల్లజాతివారికీ, స్త్రీలకూ కలిపి ఓటు హక్కు సాధించడానికి అమెరికా సమాన హక్కుల సంఘాన్ని స్థాపించారు.

ఇక్కడే ఆయన జీవితంలోని అత్యంత కఠినమైన ఘట్టం ఎదురైంది. 1868లో ఆమోదం పొందిన పద్నాలుగవ సవరణ ఓటర్ల విషయంలో పురుషులు అనే మాటను తొలిసారిగా రాజ్యాంగంలో చేర్చింది. తరువాత ప్రతిపాదించిన పదిహేనవ సవరణ జాతి, వర్ణం కారణంగా ఓటు నిరాకరించరాదన్నది. స్త్రీల ఊసెత్తలేదు. స్త్రీలను విడిచిపెట్టిన సవరణను తాము అంగీకరించబోమని స్టాంటన్, సూసన్ ఆంథొనీ ప్రకటించారు. నల్లజాతి పురుషులకు మాత్రమే హక్కులు వస్తే నల్లజాతి స్త్రీలు వారి అధికారం కింద నలిగిపోతారని, తానే బానిసగా జీవించిన సోజర్నర్ ట్రూత్ 1867లోనే హెచ్చరించింది.

1869 మే నెలలో న్యూయార్క్‌లో జరిగిన సంఘ సమావేశంలో ఈ వివాదం పెల్లుబికింది. దక్షిణాదిన నల్లజాతివారిని ఇళ్ళ నుంచి ఈడ్చి చంపుతున్నారని, వారికి ఓటు ప్రాణరక్షణ సాధనమని డగ్లస్ వాదించాడు. నల్లజాతి స్త్రీల పరిస్థితి కూడా అదే కదా అని సభలోని ఒకరు ప్రశ్నించారు. నిజమేనని, అయితే ఆమె స్త్రీ అయినందువల్ల కాక నల్లజాతిలో పుట్టినందువల్లనే ఆ హింస జరుగుతున్నదని ఆయన బదులిచ్చాడు. నల్లజాతి కవయిత్రి ఫ్రాన్సిస్ హార్పర్ ఆయన పక్షం వహించింది. స్టాంటన్ తన రాతలలో నల్లజాతి పురుషులను కించపరుస్తూ వాడిన మాటలకు డగ్లస్ తన బాధను దాచుకోలేదు. అదే సమయంలో స్త్రీల హక్కుల కోసం ఆమె చేసిన సేవను కొనియాడాడు. ఆ సమావేశం తరువాత ఉద్యమం రెండుగా చీలిపోయింది. మొదట ఎవరికి న్యాయం అన్న ప్రశ్న మిత్రులను ప్రత్యర్థులుగా మార్చింది. ఇద్దరికీ కలిపి హక్కు ఇవ్వడానికి సిద్ధపడని చట్టసభలే ఆ ప్రశ్నను వారి ముందుకు తెచ్చాయన్నది గమనించదగినది.

1870లో పదిహేనవ సవరణ అమలులోకి వచ్చింది. తన వర్గానికి ఓటు లభించింది కదా అని డగ్లస్ విశ్రమించలేదు. స్త్రీలకు ఓటు ఇచ్చే మరొక సవరణ కావాలని ఆ సంవత్సరమే తన పత్రికలో కోరాడు. పాత మిత్రులతో తిరిగి చేయి కలిపాడు. అనంతర కాలంలో రాజధాని వాషింగ్టన్‌లో స్థిరపడి ఉన్నత పదవులు నిర్వహించాడు. 1889 నుంచి 1891 వరకు హైతీ దేశంలో అమెరికా ప్రతినిధిగా పనిచేశాడు. ఆనా 1882లో మరణించింది. రెండేళ్ళ తరువాత ఆయన స్త్రీల హక్కుల ఉద్యమంలో పనిచేసిన హెలెన్ పిట్స్ అనే తెల్లజాతి విద్యావతిని వివాహం చేసుకున్నాడు. ఇరుజాతులవారూ నిందించినా ఆయన లెక్కచేయలేదు.

1895 ఫిబ్రవరి 20న వాషింగ్టన్‌లో జరిగిన మహిళా మండలి సమావేశానికి డగ్లస్ హాజరయ్యాడు. సభ్యులు లేచి నిలబడి ఆయనకు స్వాగతం పలికారు. ఒకనాడు ఆయనతో విభేదించిన సూసన్ ఆంథొనీ ఆయనను వేదికపైకి తోడ్కొని వెళ్ళింది. ఆ సాయంత్రమే ఇంటి వద్ద ఆయన హఠాత్తుగా కన్నుమూశాడు. అంత్యక్రియల సందర్భంగా స్టాంటన్ పంపిన సంతాప సందేశాన్ని ఆంథొనీ చదివి వినిపించింది. రోచెస్టర్‌లోని మౌంట్ హోప్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు. 1906లో మరణించిన ఆంథొనీ సమాధి కూడా అక్కడే ఉంది.

సెనెకా ఫాల్స్‌లో డగ్లస్ సమర్థించిన కోరిక నెరవేరడానికి 72 ఏళ్ళు పట్టింది. 1920లో పంతొమ్మిదవ సవరణ ద్వారా అమెరికా స్త్రీలకు ఓటు హక్కు లభించింది. దక్షిణాది రాష్ట్రాలలోని నల్లజాతి స్త్రీపురుషులలో అధికులకు మాత్రం 1965 నాటి ఓటు హక్కుల చట్టం వచ్చేవరకు అది ఆచరణలో అందలేదు. బానిసత్వంపై అమెరికాలో సాగిన పోరాటం మన దేశంలోని సంస్కర్తలను కూడా ఉత్తేజపరచింది. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో వెలువరించిన 'గులాంగిరి' గ్రంథాన్ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు.

తనకు జరిగిన అన్యాయంపై పోరాడేవారు లోకంలో అనేకులు. ఆ అన్యాయాన్ని ఖండించే తర్కాన్ని ఎదుటివారి విషయంలోనూ అంతే నిజాయితీతో వర్తింపజేయగలవారు అరుదు. రొట్టెముక్క ఇచ్చి అక్షరం నేర్చుకొన్న ఆ బానిస బాలుడు తాను కోరిన స్వేచ్ఛను ఇతరులకూ కోరినందువల్లనే మానవ హక్కుల చరిత్రలో చిరస్మరణీయుడయ్యాడు.