మిల్లు కార్మికుల పెద్దక్క – అనసూయా సారాభాయి

మనము ధరించే వస్త్రము రంగును, నేతను, వెలను గమనిస్తాము గాని, దానిని నేసిన చేతులకు ముట్టిన కూలి ఎంత అని సాధారణముగా ఆలోచించము. ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో ఆ ప్రశ్న అడిగినవారు కొద్దిమందియే. మిల్లు యజమానుల ఇంట పుట్టి, ఆ యజమానుల ఎదుటనే నిలిచి అడిగిన మహిళ శ్రీమతి అనసూయా సారాభాయి. ఆమె జీవితమును మా కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు పరిచయము చేయుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

అనసూయ 1885వ సంవత్సరము నవంబరు 11వ తేదీన అహమ్మదాబాదు నగరమున సంపన్న జైన కుటుంబములో జన్మించినారు. తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులను కోల్పోయి, తమ్ముడు అంబాలాల్‌తో కలిసి తండ్రి సోదరుని ఇంట పెరిగినారు. పదమూడవ ఏట వివాహము జరిగినది గాని ఆ సంసారము నిలువలేదు. పుట్టింటికి తిరిగి వచ్చిన అక్కకు చేయూతనిచ్చినవాడు ఆ తమ్ముడే. అతని సహాయముతో 1912లో వైద్యవిద్యకై ఇంగ్లండు వెళ్లినారు. ప్రాణులను కోసి పరీక్షించవలసిన ఆ చదువు ఆమె జైన సంస్కారమునకు సరిపడలేదు. అందుచే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరినారు. స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ ఆనాడు అచ్చట సాగుచున్న ఉద్యమము ఆమె మనస్సును కదిలించినది. 1913లో స్వదేశమునకు తిరిగి వచ్చినారు.

ఒక ఉదయమున ఆమె ఇంటి ముందుగా కొందరు శ్రామిక స్త్రీలు నిద్రలో నడుచుచున్నవారివలె పోవుచుండగా చూచి, కారణము విచారించినారు. రెండు రాత్రులు, ఒక పగలు, వెరసి 36 గంటలు ఎడతెగక మిల్లులో పనిచేసి ఇండ్లకు పోవుచున్నామని వారు తెలిపినారు. 1911 నాటి ఫ్యాక్టరీ చట్టము స్త్రీల పనికాలమును దినమునకు 11 గంటలకు పరిమితము చేసియున్నది. చట్టము పుస్తకములో ఉన్నది, స్త్రీలు యంత్రముల వద్ద ఉన్నారు! ఆ దృశ్యమే అనసూయాబెన్ జీవితమార్గమును నిర్ణయించినది. ముందుగా కార్మికుల పిల్లలకు పాఠశాల తెరచినారు. ఆ రాకపోకలలో కూలి కథ అంతయు ఆమెకు బోధపడినది. 1917 డిసెంబరులో పడుగు పట్టు కార్మికుల సమ్మెకు ఆమె నాయకత్వము వహించినారు.

అసలు పరీక్ష మరుసటి ఏట వచ్చినది. 1917లో నగరమున ప్లేగు వ్యాపించినపుడు కార్మికులు ఊరు విడిచి పోకుండుటకై యజమానులు నేతకార్మికులకు భారీ బోనసు ఇచ్చినారు. కొందరికి అది కూలిలో 70 శాతమునకు పైగా ఉండినది. ప్లేగు తగ్గగానే, 1918 జనవరిలో దానిని నిలిపివేయదలచినారు. కాని ప్రపంచ యుద్ధము మూలమున పెరిగిన ధరలు తగ్గలేదు. కార్మికులు 50 శాతము హెచ్చింపు కోరినారు. యజమానులు 20 శాతమునకు మించి ఇవ్వబోమన్నారు. గాంధీజీ ఇరుపక్షముల లెక్కలను పరిశీలించి 35 శాతము న్యాయమని నిర్ణయించినారు. ఫిబ్రవరి 22న మిల్లులకు తాళములు పడినవి. యజమానుల పక్షమున ముందు నిలిచినవాడు అంబాలాల్; కార్మికుల పక్షమున నిలిచినది అతని అక్క. తనను చదివించిన తమ్మునికే ఎదురు నిలుచుట ఎంత కఠినమో మనము ఊహించుకొనవచ్చు.

ప్రతి సాయంకాలము సాబర్మతీ తీరమున ఒక తుమ్మచెట్టు నీడన వేలమంది హిందూ, ముస్లిము కార్మికులు సమావేశమైనారు. గాంధీజీ వ్రాసిన కరపత్రములు అనసూయాబెన్ పేరిట వెలువడినవి. 35 శాతము లభించువరకు పనికి పోమనియు, ఎవరిపైనను చేయి చేసుకొనమనియు కార్మికులు ప్రతిన పట్టినారు. కూలి లేక పస్తులున్న వారికి దానము గాక పని చూపవలెనని ఆశ్రమమున కట్టడపు పని కల్పించినారు. నదీగర్భము నుండి ఇసుక మోయుటకు మొదటి తట్టను తలకెత్తుకొన్నది అనసూయాబెన్.

మార్చి 12న మిల్లులు తెరచి, 20 శాతమునకు సమ్మతించినవారు రావచ్చునని యజమానులు ప్రకటించినారు. కార్మికుల పట్టు సడలసాగినది. 15న గాంధీజీ ఉపవాసమునకు పూనుకొన్నారు. 18న ఒప్పందము కుదిరినది. మొదటి దినమున 35 శాతము: కార్మికుల ప్రతిన నిలిచినది. రెండవ దినమున 20 శాతము: యజమానుల మాట దక్కినది. మూడవ దినము నుండి మధ్యవర్తి తీర్పు వరకు రెంటికి నడుమనున్న 27½ శాతము. మధ్యవర్తి ఆనందశంకర ధ్రువ ఆగస్టులో ఇచ్చిన తీర్పు 35 శాతమే!

1920లో మజూర్ మహాజన్ సంఘము స్థాపితము కాగా అనసూయాబెన్ దానికి అధ్యక్షురాలైనారు. అన్ని పోరాటములు ఫలించలేదు. 1923లో కూలి తగ్గించినపుడు జరిగిన దీర్ఘమైన సమ్మె విఫలమైనది. అయినను కూలి యజమాని దయతో ఇచ్చునది కాదనియు, ఇరుపక్షములు సమానముగా కూర్చుండి లెక్క తేల్చవలసినదనియు ఆ నగరమునకు తెలిసినది. కార్మికులు ఆమెను మోటాబెన్, అనగా పెద్దక్క, అని పిలిచినారు.

ఆమె 1972లో పరమపదించినారు. ఆ సంవత్సరమే ఆ సంఘము నీడన ఇలాబెన్ భట్ నాయకత్వమున, ఏ మిల్లు జాబితాలోను పేరులేని శ్రామిక స్త్రీలకై సేవా సంస్థ వెలసినది. ఆనాడు ఇంటి ముందు నడిచిపోయిన అలసిన స్త్రీలకు దొరకవలసిన సమాధానము అట్లు మరొక తరము చేతికి అందినది. రేపు మనలో కొందరు కూలి పుచ్చుకొనువారు, కొందరు కూలి ఇచ్చువారు కాగలరు. ఏ పక్షమున ఉన్నను, ఎదుటి పక్షములో నిలిచినది మన తోబుట్టువే అని తలచి లెక్క చేయగలిగినచో, ఈ పెద్దక్క జీవితమును మనము చదివినందుకు సార్థకము.