కాలమును లెక్కింపని గురువు

గంజాము సీమలోని గోపాలపూరు తీరమున నేటికిని పాత రేవు స్తంభములు ఇసుకలో నిలిచియున్నవి. ఒకప్పుడు రంగూను పోవు పొగయోడలు అచ్చట దూరముగా ఆగెడివి. కూలిజనము పడవలపై అలలు దాటి వానిని చేరెడివారు. పడవ తప్పినవానికి మఱియొక ఓడ వచ్చువఱకు ఒడ్డే గతి. మొన్న సెలవులలో ఆ స్తంభములకడ పరీక్షకు దినములు లెక్కించుకొనుచున్న విద్యార్థులను చూడగా, నీటియొడ్డున నిలిచి కాలమును తలపోసిన చీనా గురువు కన్ఫ్యూషియసు మాకు స్మరణకు వచ్చెను.

క్రీ. పూ. 551లో, నేటి షాంటుంగు ప్రాంతమందలి లూ రాజ్యమున జన్మించిన ఆయన పసితనముననే తండ్రిని కోల్పోయెను. పేదఱికముచే ధాన్యపు కొట్ల లెక్కలు వ్రాసెను. పశువుల మందలు చూచెను. పదునైదవయేట విద్యపై మనసు నిలిపెను. గురువైన పిదప, ఎండుమాంసపు కట్టను మాత్రమే దక్షిణగా తెచ్చినవానినైనను కాదనలేదు. సోమరిని మాత్రము సహింపలేదు. ఒక మూల చూపగా తక్కిన మూడు మూలలను తానై కనుగొనలేనివానికి పాఠము మరల చెప్పెడివాడు కాడు. పట్టపగలు నిద్రించిన త్సాయి యూ అను శిష్యుని, చెక్కడమునకు పనికిరాని పుచ్చుకొయ్యతో పోల్చెను. ఇది కఠినమైన తీర్పని మా యభిప్రాయము. వాక్చతురులైన శిష్యుల వరుసలో ఆ త్సాయి యూ పేరును కలదు. అదియుగాక, వాయిదాలపై బ్రతుకు వకీళ్లము. పగటినిద్రను ఖండించుటకు మాకు నోరు రాదు.

మఱి గురువుగారి కాలమెట్లు గడచెను? క్రీ. పూ. 497లో స్వదేశపు కొలువు విడిచి, తన నీతిని ఆచరణలో పెట్టు ప్రభువునకై పదునాలుగేండ్లు రాజ్యమువెంట రాజ్యము తిరిగెను. అట్టివాడొక్కడును దొరకలేదు. గడియారము చూచి కచేరీలకు పరుగెత్తు మనబోంట్లకు అవి వ్యర్థమైన యేండ్లు. ఒకనాడు ఏటియొడ్డున నిలిచి, రేయింబవళ్లు ఆగక పోవు ప్రవాహమును కాలమునకు పోలికగా చెప్పెను. అది నిట్టూర్పనిన వ్యాఖ్యాతలు కలరు. ఎడతెగని అభ్యాసమునకు ప్రబోధమనినవారును కలరు. అయినను, తన్నుగూర్చి యొక అధికారి యడిగినప్పుడు శిష్యుడు బదులీయలేదని విని, చదువులోబడి అన్నము మఱచువాడు, ముసలితనము వచ్చుచున్నదనియు ఎఱుగనివాడు అని చెప్పవలసినదని మందలించెను. అప్పటికే ఆయన వృద్ధుడు. కాలమును ఇంతగా ఎంచిన మనుష్యుడు తన వయస్సును లెక్కింపనేలేదు.

అరువదియెనిమిదవయేట స్వదేశము చేరెను. ఇఱుకు సందులో పేదగా బ్రతుకుచు చదువున ఏనాడును అలసత చూపని యాన్ హుయి, ఆ గురువు కన్నులయెదుటనే చిన్నవయసున మరణించెను. శోకమున మితము పాటింపుమని బోధించిన గురువు ఆనాడు మితము మఱచి యేడ్చెను. ఆ పిమ్మటను పాఠములు ఆగలేదు.

క్రీ. పూ. 479లో ఆయన మరణింపగా శిష్యులు మూడేండ్లు సంతాపము పాటించి యిండ్లకు పోయిరి. త్సు కుంగు అను శిష్యుడు మాత్రము సమాధికడ గుడిసె కట్టుకొని మఱి మూడేండ్లు అచ్చటనే యుండెను.