మందు దొరకని ఇంట్ల పుట్టిన మందుల మనిషి

మొన్న ఎండకాలం మా పక్క ఊరి తండ్రి ఒకాయన చీటి పట్టుకొని మండలంల ఉన్న మెడికల్ షాపులన్నీ తిరిగిండు. ఏడేండ్ల బిడ్డకు బ్లడ్ క్యాన్సర్. పెద్ద దవాఖానల మొదటి వైద్యం అయిపోయింది, ఇంటికి పంపిన్రు. ఇగ ఇంటికాడ గోలీలు మింగాలె, అదీ ఒక నెల రెండు నెలలు కాదు, ఏండ్లు. అందుల వారానికి ఒక్కసారే మింగే గోలి ఒకటుంటది, మెతోట్రెక్సేట్ అని. మొదటి షాపాయన చీటి చూసి లేదన్నడు. రెండో ఆయన రేపు రమ్మన్నడు, రేపు పోతే ఎల్లుండి అన్నడు. జిల్లా కేంద్రంల దొరికింది గని ఒక్క షీటే. ఆఖరుకు హైదరాబాద్ బస్సెక్కిండు. గోలీల పైసలకంటే బస్సు చార్జీలే ఎక్కువైనయట.

ఆ గోలి వెనుక ఒక తెలుగాయన ఉన్నడని ఆ తండ్రికి తెల్వదు. నాకు సుత సరిగ్గ తెల్వకుండె. యెల్లాప్రగడ సుబ్బారావు పేరు బళ్లె విన్నం, ఒక మార్కు కోసం బట్టీ కొట్టినం, మర్చిపోయినం. ఆయన కథల అన్నిటికంటే ముందు యాది పెట్టుకోవాల్సింది ఆయన కనిపెట్టిన మందుల లిస్టు కాదనిపిస్తది నాకు. ఆయన ఇంట్ల మందు లేక పోయిన పానాల లెక్క.

1895 జనవరి 12న భీమవరంల పుట్టిండు. ఏడుగురు పిల్లల్ల నాలుగోవాడు. తండ్రి జగన్నాథం చిన్న సర్కారు కొలువు చేసేటోడు, పానం బాగలేక కొలువు వదిలిండు, సుబ్బారావు చదువుకునే రోజులల్లనే పోయిండు. తల్లి వెంకమ్మ గట్టి మనిషి. పొలగాడు పదమూడేండ్లకు ఇంట్లకెల్లి పారిపోయిండు. కాశీల యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాయిస్తనని! తల్లి నడిమిట్లనే పట్టుకొచ్చి మళ్ల బడికి తోలింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిండు. ఒకటి రెండుసార్లు ఫెయిలై ఫోన్ పట్టుకొని మూలకు కూసున్న తమ్ముళ్లు ఈ ముచ్చట జెర గట్టిగ చదువుకోవాలె.

తర్వాత మద్రాసు. రామకృష్ణ మిషన్‌ల చేరి సన్యాసం తీసుకుంట అన్నడు, తల్లి ఒప్పుకోలె. డాక్టర్ చదువుతే సేవ చేయొచ్చని మద్రాసు మెడికల్ కాలేజీల చేరిండు. 1919ల శేషగిరితోని పెండ్లయింది, మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు సాయం నిలబడ్డడు. అవి గాంధీ పిలుపు ఊరూరికి పోతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదికి ఖద్దరు గౌను తొడుక్కొని పోయిండు. తెల్ల ప్రొఫెసర్‌కు అది మింగుడు పడలె. చదువు బాగనే చదివినా ఎంబీబీఎస్ ఇయ్యలె, దానికంటే తక్కువ ఎల్ఎంఎస్ చేతుల పెట్టిన్రు. దాంతోని సర్కారు వైద్య కొలువు తలుపు మూసుకున్నది.

గా ఏండ్లల్లనే ఇంట్ల పిడుగు పడ్డది. స్ప్రూ అనే రోగం. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గుతది, మనిషి పుల్లలెక్క అయితడు. రోజుల తేడాతోని ఇద్దరు అన్నదమ్ములు పోయిన్రు. సుబ్బారావుకు సుత అంటుకున్నది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన మందుతోని బతికి బట్టకట్టిండు, ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కాలేజీల పాఠాలు చెప్పిండు. స్ప్రూకు ఇంగ్లీషు వైద్యంల సరైన మందు అప్పటికి లేదు. చీటి రాసేందుకు డాక్టర్లు ఉన్నరు, చీటి మీద రాసేందుకు పేరే లేదు.

1922 అక్టోబర్‌ల బోస్టన్‌ల దిగిండు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి కొంత, మామ కొంత ఇచ్చిన్రు. హార్వర్డ్‌ల ఉష్ణదేశాల రోగాల చదువు. ఫీజు కట్టినంక తిండికి చాలక దవాఖానల రాత్రి కూలికి కుదిరిండు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. పగలు క్లాసు, రాత్రి ఆ పని. మూడేండ్లల్ల తిరిగొస్తనని శేషగిరికి మాటిచ్చి పోయిండు.

ఆయన అక్కడుండంగనే ఇక్కడ కొడుకు పుట్టిండు. ఏడాది నిండకముందే పిల్లగాడు చనిపోయిండు. ఎరిసిపెలస్ అంటరు, చర్మం ఎర్రగ వాచి పాకే ఇన్ఫెక్షన్. ఇయ్యాల ఇది పెన్సిలిన్‌తోని లొంగే రోగం. పెన్సిలిన్ సంగతి లోకానికి తెలిసిందే 1928ల, మందుగ జనం చేతికొచ్చింది ఇంకా ఎన్నో ఏండ్లకు. సముద్రం ఆవల తండ్రి డాక్టరు, ఈవల పసివాడు, నడుమ ఏ దుకాణంల దొరకని మందు. కొడుకు మొఖం ఆయన ఒక్కసారి సుత చూడలె.

హార్వర్డ్‌ల పనిమంతుడని పేరైతే వచ్చింది. సైరస్ ఫిస్కేతోని కలిసి రక్తంల, మూత్రంల ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925ల తెచ్చిండు, ఇప్పటికీ దానికి వాళ్లిద్దరి పేరే. కండరానికి బలం ఎట్లొస్తదో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ మీద పని సుత అక్కడిదే. పీహెచ్‌డీ వచ్చింది, పర్మనెంట్ కొలువు మాత్రం రాలె. 1940ల హార్వర్డ్ ఇడిచిపెట్టి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌ల ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి పోయిండు. జీవితంల అసలు పని ఇక్కడ మొదలైంది, అదీ ఎనిమిదేండ్లే.

మొట్టమొదలు ఫోలిక్ యాసిడ్. రక్తం పుట్టాలంటే కావాల్సిన విటమిన్. ఆయన టీం 1945ల దాన్ని ల్యాబుల తయారు చేసింది. మన బళ్లల్ల వారానికొకసారి పంచే నీలి రంగు ఐరన్ గోలి ఉంటది చూడున్రి, మాస్టరు చూస్తలేడని కిటికీలకెల్లి పారేసేది, అండ్ల ఉండేది ఇదే. గర్భిణీలకు ఇచ్చేది ఇదే. స్ప్రూకు పనిచేసింది సుత ఇదే. అన్నదమ్ములు పోయిన పాతికేండ్లకు వాళ్ల మందు దొరికింది.

ఇగ పిల్లల బ్లడ్ క్యాన్సర్ ముచ్చట. బోస్టన్ పిల్లల దవాఖానల సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ఉండె. అప్పట్ల ఆ రోగమొచ్చిన పిల్లలు కొన్ని వారాలు, మహా అంటే కొన్ని నెలలు. తల్లిదండ్రులకు చేతుల పెట్టేందుకు ఏమీ లేదు. రక్తం బాగుపడుతదేమో అని ఫోలిక్ యాసిడ్ లాంటియి ఇచ్చి చూస్తే రోగం ఇంకా ఉరికింది. అప్పుడు ఎదురు ఆలోచన వచ్చింది. ఆ కణాలకు ఫోలిక్ యాసిడ్ బలమైతే, దాని లెక్కనే కనపడి దాని పని చెడగొట్టేది ఒకటి కావాలె. తాళంల అచ్చం అసుంటిదే ఇంకో చెవి దూరి ఇరుక్కుంటే అసలు చెవికి సందు దొరకనట్టు. అసుంటి మందులు తయారు చేసింది సుబ్బారావు టీం. అండ్ల అమినోప్టెరిన్ అనే మందును ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చిండు. పది మందికి గుణం కనపడ్డది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నరు. ఆ వివరాలు 1948 జూన్‌ల అచ్చయినయి. కొన్ని నెలలకు రోగం తిరగబెట్టింది, అది నిజం, దాయొద్దు. గని మందుతోని ఈ క్యాన్సర్‌ను వెనక్కి నెట్టొచ్చని లోకం చూసింది అప్పుడే. అమినోప్టెరిన్‌కు తమ్ముడు అసుంటిదే మెతోట్రెక్సేట్, దానికంటే కొంచెం నిమ్మలమైంది. వేరే మందులతోని కలిపి వాడుడు నేర్చుకున్నంక ఇయ్యాల పైసలున్న దేశాలల్ల ఈ రకం క్యాన్సర్ పిల్లలు నూటికి తొంబై మంది దాక బతుకుతున్నరు.

మన దగ్గర అంత మంది ఎందుకు బతుకుతలేరంటే కారణాలు మస్తున్నయి. లేటుగ తెలుసుడు, నడుమ వైద్యం ఆపుడు, ఇన్ఫెక్షన్లు. మందు వారాలకు వారాలు తప్పితే రోగం తిరగబెట్టే భయం ఉంటది. గా తండ్రి షాపుల చుట్టు తిరిగిన ప్రతి రోజు గా లెక్కల పడ్డట్టే. షాపాయనను తిట్టి లాభం లేదు. మండలానికి ఒక్క పేషెంట్ ఉన్న గోలిని ఆయన తెచ్చి పెడితే డేట్ అయిపోయి పారేసుకోవాలె, పైంగ చవక మందు, మిగిలేది ఏం లేదు. జ్వరం, గ్యాస్, షుగర్ గోలీలైతే నిమిషానికొకటి అమ్ముడుపోతయి. ఇది అమ్ముడుపోయే మందుల లెక్కల చూసేది కాదు. క్యాన్సర్ పిల్లగాన్ని ఇంటికి పంపేటప్పుడే మూడు నెలల గోలీలు సంచిల పెట్టి పంపాలె, అయిపోకముందే ఊరి దగ్గరి సర్కారు దవాఖానకు చేరాలె. రోడ్లు లేని ఊర్లకు సుత టీకాలు ఐసు డబ్బాలల్ల పోతున్నయి. ఈ గోలికైతే ఐసు సుత అక్కర్లేదు. ఇంకో మాట, ఇంట్ల ఎవరికన్న ఈ గోలి రాసిస్తే, ఏ రోజు మింగాల్నో డాక్టర్‌ను రెండుసార్లు అడిగి క్యాలెండర్ల రాసి పెట్టున్రి. వారానికొకసారిదాన్ని రోజూ మింగితే పానం మీదికొస్తది.

సుబ్బారావు దగ్గరికి వస్త. బోదకాలుకు ఇంటింటికి పంచే డీఈసీ గోలి సుత ఆయన టీందే, హెట్రజాన్ అని 1947ల వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్ల మొదటిది ఆరియోమైసిన్, అది మట్టిల ఉండే సూక్ష్మజీవి నుంచి తీసింది బెంజమిన్ డగ్గర్, ఆయన పని చేసింది సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలనే. అది 1948ల బయటికొచ్చింది.

అదే ఏడు ఆగస్టుల, పిల్లలు లేచి ఆడుకున్న సంగతి అచ్చయిన రెండు నెలలకు, పెర్ల్ రివర్‌ల పడుకున్నోడు పడుకున్నట్టే గుండె ఆగి చనిపోయిండు. యాబై మూడేండ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలె, ఇండియాకు తిరిగి రాలె. మూడేండ్లన్న మాట ఇరవై ఆరేండ్లయింది. శేషగిరి ఆయనను మళ్ల చూడనే లేదు.