డేల్ కార్నెగీ

డేల్ కార్నెగీ (నవంబరు 24, 1888 - నవంబరు 1, 1955) అమెరికాకు చెందిన రచయిత మరియు వక్తృత్వ శిక్షకుడు. వ్యాపార సంస్థల అధికారులకు, విక్రేతలకు, సామాన్య ఉద్యోగులకు సభలో మాట్లాడడం, సాటివారితో మెలగడం నేర్పి ప్రసిద్ధి చెందాడు. 1936లో వెలువడిన ఇతని గ్రంథం "హౌ టు విన్ ఫ్రెండ్స్ అండ్ ఇన్‌ఫ్లుయెన్స్ పీపుల్" ప్రపంచవ్యాప్తంగా మూడు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైంది. తరువాతి కాలంలో ఎగ్జిక్యూటివ్ కోచింగ్ అనే పేరుతో స్థిరపడిన వృత్తికి మార్గం వేసినవారిలో ఇతనిని ఒకనిగా చెప్పుకొనవచ్చును. అయితే ఈ విద్యను బోధించుటకు అవసరమైన యోగ్యతాపత్రమేదీ ఇతని వద్ద లేదు. అటువంటి శిక్షకుని జనం ఏమి చూసి నమ్మారు, ఆ నమ్మకం ఎంతవరకు సబబు అన్నది ఇతని జీవితాన్ని చదివేవారికి తప్పక కలిగే సందేహం.

బాల్యము, విద్య

కార్నెగీ మిస్సోరి రాష్ట్రంలోని మేరీవిల్ సమీపాన ఒక పేద రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి జేమ్స్ విలియం, తల్లి అమాండా. ఇంటిపేరు ఆంగ్ల వర్ణక్రమంలో మొదట కొంత వేరుగా ఉండేది. తల్లి వివాహానికి పూర్వం పాఠశాల ఉపాధ్యాయురాలు, గొప్ప దైవభక్తురాలు. పొలం ప్రక్కన ప్రవహించే నదికి తరచు వరదలు వచ్చి పంట కొట్టుకొనిపోయేది. పెంచుకున్న పందులు వ్యాధితో చనిపోయేవి. అప్పులు తీరే దారి కనిపించేది కాదు. చిన్నతనంలో ఒక పాడుబడిన ఇంటి అటక మీదినుండి దూకినపుడు వ్రేలి ఉంగరం మేకుకు తగులుకొని ఎడమ చేతి చూపుడు వ్రేలు తెగిపోయింది.

1904లో కుటుంబం వారెన్స్‌బర్గ్‌కు తరలివెళ్ళింది. ఆ ఊరిలోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఇతడు చేరాడు. వసతిగృహంలో ఉండుటకు రోజుకు ఒక డాలరు ఇచ్చే స్తోమత లేక ప్రతిరోజు గుర్రం మీద ఇంటినుండి వచ్చిపోయేవాడు. చిన్నవైపోయిన కోటు, పొట్టి పంట్లాము అతనిని సిగ్గుపడేటట్లు చేసేవి. ఆటలలో రాణించే దేహం కాదు కనుక వక్తృత్వ పోటీలను ఎంచుకున్నాడు. మొదట వరుసగా ఓడిపోయాడు. గుర్రం మీద వస్తూ, ఆవుల పాలు పితుకుతూ ప్రసంగాలు వల్లె వేసి, తరువాత పోటీలన్నిటిలో గెలవసాగాడు. తోటి విద్యార్థులు తమకూ నేర్పమని అడిగారు, వారూ గెలిచారు. శిక్షకుడిగా ఇతని మొదటి యోగ్యత ఆ విద్యార్థుల గెలుపే.

కొన్ని గ్రంథాలు ఇతడు 1908లో పట్టభద్రుడైనట్లు చెబుతాయి. కాని విపులమైన జీవితచరిత్రలు లాటిన్ పరీక్ష దాటలేక పట్టా లేకుండానే కళాశాల విడిచినట్లు వ్రాశాయి.

తొలి ఉద్యోగములు

కళాశాల విడిచిన తరువాత నెబ్రాస్కాలో రైతులకు, పశుపాలకులకు ఉత్తరాల ద్వారా విద్య నేర్పే పాఠాలు అమ్మే పనిలో చేరి విఫలుడయ్యాడు. తరువాత ఆర్మర్ అనే కంపెనీకి మాంసము, సబ్బు, పంది కొవ్వు అమ్మే విక్రేతగా దక్షిణ డకోటా ప్రాంతంలో తిరిగాడు. దక్షిణ ఒమాహా నుండి సాగే 29 విక్రయ మార్గాలలో 25వ స్థానంలో ఉన్న తన మార్గాన్ని రెండేళ్ళలో మొదటి స్థానానికి తెచ్చాడు. కంపెనీ పదోన్నతి ఇస్తానన్నా అంగీకరించక, కూడబెట్టిన సొమ్ముతో 1911లో న్యూయార్కు వెళ్ళి నటనా విద్యాలయంలో చేరాడు. ఊరూరా తిరిగే ఒక నాటక బృందంలో వైద్యుని పాత్ర ధరించాడు. నటన తనకు సరిపడదని గ్రహించి ప్యాకార్డ్ మోటారు లారీలు అమ్మే ఉద్యోగంలో చేరాడు. బొద్దింకలు తిరిగే అద్దె గదిలో నివాసం. లారీల యంత్రాల గురించి ఏమీ తెలియదు, తెలుసుకోవాలనే కోరికా లేదు.

వై.ఎం.సి.ఎ. తరగతి

కళాశాలలో చదివిన వాటిలో తనకు నిజంగా ఉపకరించినది ఏమిటని ఆలోచించుకొనగా వక్తృత్వ సాధన ఒక్కటే కనిపించింది. దానిని రాత్రి తరగతులలో బోధించే అవకాశం ఇవ్వమని కొలంబియా విశ్వవిద్యాలయానికి, న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేశాడు. రెండూ నిరాకరించాయి. వారి నిర్ణయంలో తప్పుపట్టవలసినదేమీ లేదు. పట్టా లేని లారీల విక్రేతను ఏ విశ్వవిద్యాలయమైనా అధ్యాపకుడిగా తీసుకొనదు.

చివరకు న్యూయార్కు 125వ వీధిలోని వై.ఎం.సి.ఎ. రాత్రి పాఠశాలను ఆశ్రయించాడు. తరగతికి రెండు డాలర్ల జీతం అడిగాడు. ఎవరూ చేరకపోతే నష్టం వస్తుందన్న భయంతో నిర్వాహకులు జీతం ఇవ్వమన్నారు. లాభం వస్తే అందులో వాటా ఇస్తామన్నారు. 1912 అక్టోబరులో తరగతి మొదలైంది.

ఆ ఒప్పందంలోనే ఇతని బోధనా పద్ధతి పుట్టింది. వచ్చినవారు పరీక్ష కొరకో, పట్టా కొరకో వచ్చినవారు కారు. వారు గుమాస్తాలు, విక్రేతలు, చిన్న వ్యాపారులు. సమావేశంలో లేచి నాలుగు మాటలు మాట్లాడుటకు భయపడేవారు. రుసుము వాయిదాలలో చెల్లించేవారు. ప్రయోజనం కనబడకపోతే తరువాతి వాయిదా ఆగిపోతుంది, దానితోపాటు కార్నెగీ భోజనం కూడా. ఏ తనిఖీ అధికారి ఇంత కఠినంగా ఒక బోధకుని పని పరీక్షించలేడు.

మొదటి రోజులలోనే చెప్పవలసిన విషయం అయిపోయింది. ఏమి చేయాలో తోచక విద్యార్థులనే లేచి తమకు కోపం తెప్పించిన విషయం ఏదైనా చెప్పమన్నాడు. కోపంలో ఉన్న మనిషి భయం మరచిపోయి ధారాళంగా మాట్లాడతాడని ఆ రోజు గ్రహించాడు. నాటినుండి ఉపన్యాసశాస్త్ర నియమాలను తగ్గించి, ప్రతి విద్యార్థి ప్రతి తరగతిలోనూ మాట్లాడవలెనని నియమం పెట్టాడు. మూడేళ్ళలో వాటా క్రింద రాత్రికి 30 డాలర్లు రాసాగాయి. 1915లో జె. బెర్గ్ ఎసెన్‌వైన్‌తో కలిసి ఉపన్యాస కళపై ఒక పాఠ్యగ్రంథం ప్రకటించాడు.

పేరు మార్పు

కొంతకాలానికి ఇతడు తన ఇంటిపేరు వర్ణక్రమాన్ని ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ పేరుకు సరిపోయేటట్లు మార్చుకున్నాడు. ఇద్దరికీ బంధుత్వం లేదు. వ్యాపారవేత్తలకు పాఠాలు చెప్పేవానికి ఆ పేరు ఎంత మేలు చేసి ఉంటుందో ఊహించవచ్చును. పట్టా లేని లోటును పేరు కొంత పూడ్చిందనుకొనుట అన్యాయం కాదు. శిక్షకుని పేరు చూసి చేరేవారు ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో న్యూయార్కు సమీపంలోని సైనిక శిబిరంలో పనిచేశాడు. యుద్ధానంతరం లోవెల్ థామస్ లండనులో నిర్వహించిన చిత్రసహిత ఉపన్యాసాలకు తోడ్పడ్డాడు. 1921లో లోలిటా అనే ఆమెను వివాహమాడాడు, 1931లో విడాకులయ్యాయి. ఐరోపాలో ఉండి వ్రాసిన నవలను ప్రకాశకులు తిరస్కరించగా మళ్ళీ తరగతులకే తిరిగివచ్చాడు.

సంస్థలకు శిక్షణ

ఆర్థికమాంద్యం నాటికి వెస్టింగ్‌హౌస్, న్యూయార్క్ టెలిఫోన్ వంటి పెద్ద కంపెనీలు, విద్యుత్ ఇంజనీర్ల సంఘం తమవారికి ఇతని చేత శిక్షణ ఇప్పించాయి. ఉన్నత పదవులలో ఉన్న ఇంజనీర్లు తమ శాస్త్రం నేర్పుటకు కాక, తమ క్రింది ఉద్యోగులతో మాట్లాడుట నేర్పుటకు ఒక శిక్షకునికి డబ్బు చెల్లించడం అప్పటికి కొత్త సంగతి.

కొత్త విద్యార్థులను చేర్చుకొనే విధానం గమనింపదగినది. 1935 జనవరిలో న్యూయార్కులోని పెన్సిల్వేనియా హోటలులో జరిగిన ఉచిత సభకు సుమారు 2,500 మంది వచ్చారు. అప్పటికే శిక్షణ పొందినవారు ఒకరి తరువాత ఒకరు మైకు ముందుకు వచ్చి, ఒక్కొక్కరు 75 సెకన్లలో తమ అనుభవం చెప్పారు. వినేవారికి శిక్షకుని ప్రజ్ఞ కంటె అతని శిష్యుల ప్రజ్ఞ ముందు కనబడింది. అయితే వేదిక మీదికి వచ్చేవారిని నిర్వాహకులే ఎంచుకుంటారు. ప్రయోజనం పొందనివారు అక్కడ ఉండరు. ఈనాటి శిక్షణ సంస్థల ప్రకటనలలో కనిపించే ప్రశంసలకు కూడా ఇదే పరిమితి వర్తిస్తుంది.

ఇతడు విని సరిదిద్దిన ప్రసంగాలు లక్షా యాభై వేలని ఆనాటి ప్రసిద్ధ కార్టూనిస్టు రాబర్ట్ రిప్లీ ప్రకటించాడు. ఆ లెక్కను నమ్మితే, ఒక్కొక్క ప్రసంగం మూడు నిమిషాలే అనుకున్నా 7,500 గంటల అనుభవం అవుతుంది.

గ్రంథము, విమర్శలు

1934లో సైమన్ అండ్ షుస్టర్ ప్రచురణ సంస్థకు చెందిన లియాన్ షిమ్‌కిన్ ఇతని తరగతిలో చేరి, ఆ పాఠాలను పుస్తకంగా వ్రాయమని ప్రోత్సహించాడు. ఇతరులను నిందించకుండుట, హృదయపూర్వకంగా మెచ్చుకొనుట, పేరు గుర్తుంచుకొనుట, ఎదుటివాని దృష్టితో చూచుట వంటి సూత్రాలను కథలతో చెప్పిన ఆ పుస్తకం అచ్చయిన కొద్ది నెలలలోనే దేశమంతా వ్యాపించింది. 1948లో చింతను జయించుటపై మరొక గ్రంథం వెలువడింది. అబ్రహాం లింకను జీవితచరిత్రను 1932లోనే ప్రకటించాడు.

విమర్శలు కూడా తక్కువేమీ కాదు. నోబెల్ బహుమతి గ్రహీత సింక్లెయిర్ లూయిస్, హాస్యరచయిత జేమ్స్ థర్బర్ ఈ పద్ధతిలోని చిత్తశుద్ధిని శంకించారు. 1937లో ఇర్వింగ్ ట్రెస్లర్ దీనికి ఒక హేళన గ్రంథమే వ్రాశాడు. సంపాదనలో విజయానికి సాంకేతిక జ్ఞానం 15 శాతమే కారణమని, మిగిలిన 85 శాతం మనుషులతో మెలగే నేర్పు అని కార్నెగీ తన గ్రంథంలో వ్రాశాడు. దానికి ఆండ్రూ కార్నెగీ స్థాపించిన విద్యా ప్రతిష్ఠానపు పరిశోధనను ఆధారంగా పేర్కొన్నాడే గాని, ఆ అంకెలను ఏ విధంగా లెక్కించారో చెప్పలేదు. ఈ అంకెలను నేటికీ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలలో వింటూ ఉంటాము. విద్యార్థులు వీటిని పరీక్షించకుండా వ్యాసాలలో ఉదహరించకుండుట మంచిది.

బోధకుల ఎంపిక, చివరి రోజులు

తరగతులు ఇతర నగరాలకు వ్యాపించిన కొద్దీ, అన్నిచోట్లా తానే బోధించడం అసాధ్యమైంది. 1940వ దశకంలో ఇతర నగరాలలోని నిర్వాహకులకు అనుమతులిచ్చి తరగతులు నడిపించే పద్ధతి ఏర్పడింది. బోధకుడు కాగోరువాడు ముందు తానే ఆ శిక్షణ పొంది, తరువాత తరగతిలో సహాయకుడిగా పనిచేసి, ప్రత్యేక తర్ఫీదు పొందవలసి ఉండేది. ఏ యోగ్యతాపత్రమూ లేకుండా బోధన మొదలుపెట్టినవాడే తన పేరుతో బోధించేవారికి యోగ్యతలు నిర్ణయించవలసి వచ్చింది. తన పేరు పరుల చేతిలో పెట్టినవానికి ఇంకొక దారి లేదు.

1944లో డరోతీని వివాహమాడాడు. ఆమె కూడా ఇతని శిక్షణ పొందినవారే. 1951లో కుమార్తె డొన్నా జన్మించింది. 1955లో వారెన్స్‌బర్గ్ కళాశాల ఇతనికి గౌరవ పట్టా ప్రదానం చేసింది. అదే సంవత్సరం నవంబరు 1న న్యూయార్కు ఫారెస్ట్ హిల్స్‌లోని స్వగృహంలో మరణించాడు. మిస్సోరిలోని బెల్టన్‌లో ఖననం చేశారు. తరువాత సంస్థను డరోతీ నడిపింది. ఆమె 1998లో మరణించింది.

పెట్టుబడిదారుగా పేరొందిన వారెన్ బఫెట్ 1950వ దశకం ఆరంభంలో 100 డాలర్లు చెల్లించి ఈ శిక్షణ పొందాడు. నెబ్రాస్కా, కొలంబియా విశ్వవిద్యాలయాల పట్టాలు ఉన్నా, ఒమాహాలోని తన కార్యాలయపు గోడకు ఈ శిక్షణ యోగ్యతాపత్రాన్నే తగిలించుకున్నాడు. కార్నెగీకి నలభై ఏళ్ళ క్రితం ఉద్యోగం నిరాకరించిన విశ్వవిద్యాలయాలలో కొలంబియా ఒకటి.

శిక్షకుని యోగ్యత - నేటి పద్ధతి

కార్నెగీ తరగతిలో నేర్పినవాడు, నేటి ఎగ్జిక్యూటివ్ కోచ్ అధికారితో ఏకాంతంగా నెలల తరబడి సంభాషించేవాడు. రెండింటికీ తేడా ఉన్నది. తరగతిలో పాఠం నలుగురికీ కనబడుతుంది. ఏకాంత సంభాషణలో శిక్షకుని లోపం బయటివారికి కనబడదు కనుక యోగ్యత ప్రశ్న మరింత బరువైనది. అయినా అమెరికాలో గాని, భారతదేశంలో గాని కోచ్ అని బోర్డు పెట్టుకొనుటకు ప్రభుత్వ లైసెన్సు అవసరం లేదు. వైద్యునికి, న్యాయవాదికి ఉన్న రిజిస్ట్రేషను వంటిది ఈ వృత్తికి లేదు.

ఈ లోటును తీర్చుటకు వృత్తి సంఘాలు ఏర్పడ్డాయి. వాటిలో ముఖ్యమైనది 1995లో అమెరికాలో స్థాపించబడిన అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య. ఇది మూడు స్థాయిలలో గుర్తింపు ఇస్తుంది. మొదటి స్థాయికి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావలెను; రెండవదానికి 125, 500 గంటలు; మూడవదానికి 200, 2,500 గంటలు. పరీక్ష కూడా ఉంటుంది. గుర్తింపును మూడేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. రెండు రోజుల తరగతికి హాజరైనందుకు ఇచ్చే పత్రం, ఈ గుర్తింపు ఒకటి కావు. గోడ మీద రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి కనుక, పత్రం ఇచ్చినది ఎవరు, ఎన్ని గంటల పనికి ఇచ్చారు, ఇప్పటికీ చెల్లుతున్నదా అని అడిగి తెలుసుకోవాలి. శిక్షకునికి పని చేసిన రంగంతో పరిచయమున్నదా, సంస్థ డబ్బు చెల్లిస్తున్నపుడు అధికారి చెప్పిన మాటలు యాజమాన్యానికి చేరవని వ్రాతపూర్వకంగా అంగీకరిస్తాడా అన్నవి కూడా ముందుగానే తేల్చుకోవలసిన విషయాలు. మానసిక వ్యాధి లక్షణాలు ఉన్నవారు వెళ్ళవలసినది కోచ్ వద్దకు కాదు, మనోవైద్యుని వద్దకు లేదా భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు వద్దకు.

తెలుగులో

కార్నెగీ గ్రంథాలు తెలుగులోనికి అనువదించబడినవి. యండమూరి వీరేంద్రనాథ్ "విజయానికి ఐదు మెట్లు" తరువాత తెలుగులో వ్యక్తిత్వ వికాస రచనలకు విస్తారమైన పాఠకవర్గం ఏర్పడింది. వాటితోపాటు శిక్షణ తరగతులు కూడా పట్టణాలకు వ్యాపించాయి.