డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరంలో 1895లో జన్మించిన సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్ష రెండు పర్యాయములు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులైనారు. స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. మద్రాసులో వైద్యవిద్య ముగించి, అమెరికా చేరి పరిశోధనకే జీవితమును అంకితం చేసినారు.

1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లమును కృత్రిమంగా తయారుచేసినది. రక్తకణముల వృద్ధికి అత్యవసరమైన ఆ విటమిన్ స్ప్రూ రోగులకు ప్రాణదాయిని అయినది. దాని పనిని అడ్డగించే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందపు కృషి ఫలమే.

1948లో ఆయన కన్నుమూసినారు. తరువాతి దశాబ్దములలో ఎముక మజ్జ మార్పిడి చికిత్సలో, దాత తెల్లకణములు రోగి శరీరముపై దాడి చేయకుండ వైద్యులు వాడినది ఆ మెథోట్రెక్సేటునే.

తోబుట్టువులను దక్కించుకొనలేకపోయిన ఆయన, ముఖపరిచయమైన లేని ఎందరికో ఆయువు పోసినారు. పరీక్ష తప్పి క్రుంగిన విద్యార్థికి ఇంతకు మించిన ఆదర్శము వేరొకటి లేదు.