హామ్ రేడియో పెద్దదిక్కు మాక్సిమ్

హామ్ రేడియోవాళ్లు తమ పెద్దదిక్కుగా చెప్పుకునే హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1869లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి మెషిన్‌గన్ కనిపెడితే, కొడుకు తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సరు కనిపెట్టాడు.

1914లో హార్ట్‌ఫర్డ్ నుంచి ఆయన సెట్టు సుమారు 30 మైళ్ల దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌ను అందుకోలేకపోయింది. దారిలో ఉన్న మరో హామ్ ఆ కబురందుకుని ముందుకు పంపాడు. మా ఊళ్లో కుప్ప వేసేటప్పుడు వరిమోపులు చేతులు మారి పైకెక్కవూ, అచ్చం అలాగన్నమాట! ఆ ఏడే క్లారెన్స్ టస్కాతో కలిసి ఆయన అమెరికన్ రేడియో రిలే లీగ్ స్థాపించాడు. 1917లో యుద్ధం వచ్చి ప్రభుత్వం హామ్‌ల సెట్లన్నీ మూయించింది. యుద్ధం ముగిసినా వెంటనే విడిచిపెట్టలేదు. లీగ్ పట్టుబట్టి పోరాడింది; 1919లో మళ్లీ అనుమతి వచ్చింది.

1933 జూన్‌లో లీగ్ మొదటి ఫీల్డ్ డే జరిపింది. ఇల్లు వదిలి ఆరుబయట తీగ కట్టి, సెట్టు నడిపి, ఎన్ని స్టేషన్లు దొరికితే అన్నిటితో మాట్లాడటమే పని. చోటు ఎవరు చూడాలి, తీగ ఎవరు కట్టాలి, రాత్రి ఎవరు మేలుకోవాలి అన్నది కరెంటు పోయాక నేర్చుకుంటే కుదరదు గదా!

1936 ఫిబ్రవరిలో మాక్సిమ్ చనిపోయాడు. మరుసటి నెలలోనే వరదలొచ్చి హార్ట్‌ఫర్డ్ వీధులు మునిగాయి. ఆ వరదల్లో కబుర్లు చేరవేసినవాళ్లలో హామ్‌లూ ఉన్నారు. అది చూడటానికి ఆయన లేడు.